‘రమ్మన్నాడు’తో మొదలుపెట్టండి, పట్టిక తర్వాత

టీచరు గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చీపురుపల్లి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు చెప్తున్నారు. రిపోర్టెడ్ స్పీచ్ (ఒకరన్న మాటను ఇంకొకరు మళ్లీ చెప్పడం) పట్టిక మూడుసార్లు చెప్పి, బట్టీ కూడా పట్టించారు. పరీక్షలో డైరెక్టును ఇన్‌డైరెక్టుగా చాలామంది సరిగ్గానే మారుస్తున్నారు. కానీ నోరు తెరిస్తే మాత్రం ‘హి టోల్డ్ దట్ ఐ యామ్ నాట్ కమింగ్’ అంటున్నారు. లోపం ఎక్కడుంది, ఏది ముందు చెప్పాలి, మాట్లాడేటప్పుడు తప్పు దొర్లితే ఏం చేయాలి, నెలలో పరీక్షలున్నాయి కాబట్టి ఇప్పుడు పద్ధతి మార్చొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లోపం పిల్లలది కాదు, మీదీ కాదు. టెన్సుల పట్టికను అన్నిటికంటే ముందు పెట్టడంతోనే వచ్చింది ఈ తంటా. దాన్ని మూడు వారాలు పక్కన పెట్టండి. ముందు ఆజ్ఞలు చెప్పండి, అంటే ‘రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, వద్దన్నాడు’ లాంటివి. తర్వాత ‘సేస్’తో, కాలం మార్చకుండా మనిషిని మాత్రం మార్చడం. ఆ తర్వాత ప్రశ్నలు. ‘ఈజ్’ని ‘వజ్’ చేయడం, ‘విల్’ని ‘వుడ్’ చేయడం అన్నిటికంటే చివర. నెల ఉంది కదా, సరిపోతుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై మూడేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ పట్టికనే నమ్ముకున్నాను, అందుకే ఇంత ధీమాగా చెప్తున్నాను. (ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఫోన్‌లో కీబోర్డు మారుస్తూ కూర్చునే ఓపిక లేదు, ఏమీ అనుకోవద్దు.)

నా కళ్లు తెరిపించిన సంగతి ఒకటుంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు వచ్చి ‘మై ఫాదర్ సెడ్ దట్ ఐ యామ్ గోయింగ్ టు చెన్నై’ అన్నాడు. మా వైపు వలసలు మీకు తెలియనివి కావు. పిల్లాడిని కూడా పనికి పంపేస్తున్నారని నా గుండె జారిపోయింది. సాయంత్రం పనిగట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లి, చదువు మాన్పించొద్దని వాళ్ల అమ్మకి అరగంట నచ్చజెప్పాను. ఆవిడ అంతా విని, ‘మాన్పించడమేటి బాబూ, ఎల్తన్నది ఆల నాన్న కదా’ అంది. ఆ కుర్రాడికి రిపోర్టెడ్ స్పీచ్‌లో పదికి తొమ్మిది మార్కులు వేసింది నేనే.

తిరిగొస్తూ ఆలోచిస్తే, వాడు తప్పేమీ చేయలేదనిపించింది. తెలుగునే ఇంగ్లీషు మాటల్లో చెప్పాడంతే.

తెలుగులో ‘రేపు వస్తాను’ అన్నది నాన్న మాట అనుకోండి. దాన్ని మనం మోసుకొచ్చి చెప్పేటప్పుడు ‘నాన్న రేపు వస్తానన్నాడు’ అంటాం. ‘వస్తాను’ చెక్కు చెదరలేదు, కాలమూ మారలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, ‘తను రేపు వస్తానన్నాడు’ అన్నప్పుడు ముందు ‘తను’ అన్నా, క్రియ చివర ‘నేను’కి చెందిన ‘ను’ అలాగే ఉంటుంది. దాన్ని ‘వస్తాడన్నాడు’ అని మార్చామా, వచ్చేది ఇంకెవరో అయిపోతారు. అలాగే ‘మాస్టారు నన్ను బాగా రాశావన్నారు’ అంటాం. రాసింది నేను, క్రియ మాత్రం ‘రాశావు’. అవతలి మనిషి నోట్లోంచి క్రియ ఎలా వచ్చిందో అలాగే ఉంచి, చివర ‘అని’ తగిలించడం మన భాష పద్ధతి. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో, వాళ్ల వైపు నుంచి చూసి మళ్లీ చెప్పమంటుంది. ఈ ఒక్క తేడా పిల్లలకి తెలుగులోనే, తెలుగు ఉదాహరణలతోనే ఒక పీరియడ్ చెప్పండి. ఇంగ్లీషు క్లాసులో తెలుగేమిటని మీ హెడ్‌మాస్టరు అడిగితే, పాఠ్యపుస్తకాలే ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుగా వచ్చాయి కదా అనండి.

సరే, ఆజ్ఞలు ముందెందుకు?

ఎందుకంటే ఇక్కడొక్క చోట తెలుగు కూడా మాట రూపం మారుస్తుంది. ‘రా’ అన్నాడని కాకుండా ‘రమ్మన్నాడు’ అంటాం. తే అంటే తెమ్మన్నాడు, ఇవ్వు అంటే ఇమ్మన్నాడు, కూర్చో అంటే కూర్చోమన్నాడు. వెళ్లకు అంటే వెళ్లొద్దన్నాడు. ఇంగ్లీషులో సరిగ్గా ఇదే పని ‘టు’ చేస్తుంది. ‘మన్నాడు’ ఉంటే ‘టోల్డ్ మి టు’, ‘వద్దన్నాడు’ ఉంటే ‘టోల్డ్ మి నాట్ టు’. టెన్సుతో పనే లేదు. పిల్లాడికి నోట్లో ముందే ఉన్న దాన్ని అటు నుంచి ఇటు దాటిస్తే చాలు. మొదటి రోజే ముప్పై సరైన వాక్యాలు చెప్పగలుగుతాడు, ఆ ధైర్యం తర్వాత పనికొస్తుంది.

క్లాసులో ఎలా చేస్తానంటే, నేను ఒక పిల్ల చెవిలో మెల్లగా ‘బ్రింగ్ ది డస్టర్’ అంటాను. ఆ పిల్ల డస్టర్ తెస్తుంది. మిగతావాళ్లు ‘వాట్ డిడ్ సర్ సే?’ అని అడగాలి. ఆ పిల్ల ‘సర్ టోల్డ్ మి టు బ్రింగ్ ది డస్టర్’ అనాలి. రెండో రోజు నుంచి ఇంటి మాటలు తెమ్మంటాను. నిన్న అమ్మ ఏమేం చెయ్యమంది, ఏమేం వద్దంది? ఏమాత్రం కొదవుండదు. మా బడిలో ఎక్కువగా వచ్చే వాక్యం ‘మై మదర్ టోల్డ్ మి నాట్ టు టచ్ ది ఫోన్’.

ఇక్కడే ‘టోల్డ్’ జబ్బు కూడా కుదర్చొచ్చు. తెలుగులో ‘చెప్పాడు’ అంటే చాలు, ఎవరికి అన్నది చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. అందుకే ‘హి టోల్డ్ దట్’ అంటారు. నేను బోర్డు పక్కన రెండు చోట్ల ‘టోల్డ్’, ‘సెడ్’ అని రాసి, ‘టోల్డ్’ పక్కన నిజంగానే ఒక కుర్చీ వేస్తాను. ‘టోల్డ్’ అన్న ప్రతిసారీ ఆ కుర్చీలో ఒకరు కూర్చోవాలి. ‘టోల్డ్ మి’ అయితే చెప్పేవాడే వెళ్లి కూర్చుంటాడు, ‘టోల్డ్ హర్’ అయితే పక్క పిల్ల. ‘సెడ్’కి కుర్చీ లేదు, కూర్చోబెట్టాలంటే మధ్యలో ‘టు’ ఉండాలి. రెండు రోజులు గోల గోలగా ఉంటుంది. తర్వాత ఎవరైనా ‘టోల్డ్ దట్’ అంటే వెనక బెంచీ నుంచే ‘కుర్చీ, కుర్చీ’ అని అరుస్తారు.

తర్వాత మనిషి మారడం. దీనికి నా దగ్గర ఉన్నది చెవిటి మామ్మ ఆట. ఒకరు మామ్మ, ఒకరు మనవడు, ఒకరు మధ్యలో మాట అందించేవాళ్లు. మనవడు ‘ఐ యామ్ హంగ్రీ’ అంటాడు. మామ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ‘ఏటంటన్నాడు?’ అని తెలుగులోనే అడుగుతుంది. అందించేవాడు ‘హి సేస్ హి ఈజ్ హంగ్రీ’ అనాలి. ‘సేస్’ కాబట్టి ‘ఈజ్’ అలాగే ఉంటుంది. మారేది ‘ఐ’ ఒక్కటే. ‘హి సేస్ ఐ యామ్ హంగ్రీ’ అన్నాడా, మామ్మ అన్నం వాడికే పెట్టేస్తుంది. నేను చెప్పనక్కర్లేదు, మామ్మే దిద్దుతుంది. కిందటేడు మామ్మ వేషం వేసిన పిల్ల తువ్వాలు తలకి చుట్టుకుని, ఉత్తుత్తి ముద్దలు కలిపి మరీ పెట్టేది. వారం రోజులు ఆ వేషం కోసం కొట్టుకున్నారు.

చూడండి, పట్టికలో కష్టం ఇక్కడే ఉంది. మనిషి మారడం, కాలం మారడం రెండు వేర్వేరు పనులు. పట్టిక రెండూ ఒకేసారి నెత్తిన పెడుతుంది. పిల్లాడు టెన్సు సరిచూసుకునే హడావుడిలో ‘ఐ’ని వదిలేస్తాడు. నిజానికి వినేవాడికి ఎక్కువ గందరగోళం ‘ఐ’తోనే, టెన్సుతో కాదు. ‘హి సెడ్ హి వజ్ కమింగ్’ అనాల్సిన చోట ‘హి సెడ్ హి ఈజ్ కమింగ్’ అన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. నా చెన్నై కుర్రాడి సంగతి చూశారుగా.

ప్రశ్నల దగ్గర రెండు తప్పులు ఖాయంగా వస్తాయి. ఒకటి, ‘హి ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్’. ‘ఎక్కడికెళ్తున్నావని’లో ఉన్న ‘అని’ని తెచ్చి ‘దట్’ చేశారు. ప్రశ్నపదం ఉంటే ‘దట్’ అక్కర్లేదు, ఆ ‘వేర్’ అన్న మాటే ముడి వేస్తుంది అని చెప్తే పట్టుకుంటారు. అవును, కాదు ప్రశ్నలకి ‘ఇఫ్’, ‘వెదర్’ చెప్పాలంటే తెలుగులో ‘ఓ’ని చూపించండి. ‘వస్తాడో రాడో’, ‘ఉందో లేదో’ అంటాం కదా, ఆ ‘ఓ’నే ‘వెదర్’. ఈ మాట చెప్పిన రోజు ఒక పిల్ల ‘ఇన్నాళ్లూ ఇది చెప్పలేదేటి సార్’ అంది.

రెండోది మాటల వరస. తెలుగులో ప్రశ్నకీ మామూలు వాక్యానికీ వరసలో తేడా లేదు. ఆరు, ఏడు తరగతుల్లో మనమే ‘ఆర్ యు’ అని తిప్పడం నేర్పాం. నానా అవస్థా పడి నేర్చుకున్నారు. ఇప్పుడేమో తిప్పొద్దంటున్నాం. వాళ్లకి ఒళ్లు మండదూ? అందుకే నేను ముందు ‘ఆస్క్డ్’ జోలికి పోను. ఒక వారం ‘ఐ డోంట్ నో’తో చేయిస్తాను. ‘ఐ డోంట్ నో వేర్ హి ఈజ్’, ‘ఐ డోంట్ నో వాట్ హిజ్ నేమ్ ఈజ్’. ఆర్టీసీ కాంప్లెక్సు ఎంక్వయిరీ కిటికీ కూడా బాగా పనికొస్తుంది. ఒకడు కిటికీ దగ్గర ‘వెన్ ఈజ్ ది రాజాం బస్?’ అంటాడు. వెనకున్నవాడు ఏమడిగావంటే ‘ఐ ఆస్క్డ్ వెన్ ది రాజాం బస్ వజ్’. కిటికీలో ఉన్నవాడు తల ఎత్తకుండా ‘ప్లాట్‌ఫామ్ ఫోర్’ అనాలని ఎవరూ చెప్పకుండానే పిల్లలకి తెలుసు.

ఇప్పుడు టెన్సు.

దీన్ని నేను పుస్తకంలోంచి కాదు, తుఫానులోంచి నేర్పాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటింది. అప్పుడు నేను ఉద్దానంలో పనిచేస్తున్నాను. జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. బడి మళ్లీ తెరిచాక పాఠం చెప్పే స్థితిలో నేనూ లేను, వినే స్థితిలో వాళ్లూ లేరు. ఎవరెవరు ఏమేం చెప్పారో చెప్పండర్రా అన్నాను. తెలుగులో మొదలుపెట్టారు. ఇల్లు ఖాళీ చేసి బడికి వెళ్లమన్నారు. గాలి పొద్దున్నకి తగ్గిపోతుందన్నారు. కరెంటు రెండు రోజుల్లో వచ్చేస్తుందన్నారు. మా వీధికి కరెంటు వచ్చేసరికి పది రోజులు దాటింది. ఆ ‘రెండు రోజుల్లో’ అన్న మాట దగ్గర క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది, వారం రోజుల్లో మొదటిసారి.

నేను బోర్డు మీద ‘దే సెడ్ పవర్ విల్ కమ్ బ్యాక్ ఇన్ టూ డేస్’ అని రాశాను. ఇది చదివితే ఏమనిపిస్తోంది అని అడిగాను. ‘ఇంకా రెండు రోజులు ఆగాలన్నట్టుంది సార్’ అన్నాడొకడు. ఆ ‘విల్’ని చెరిపి ‘వుడ్’ రాశాను. ‘ఇప్పుడు?’ ‘అప్పుడెప్పుడో అన్నారు, అయిపోయింది.’ చెప్పిన రోజు వెనక్కి పోయింది కాబట్టి మాట కూడా దాంతోపాటు ఒక అడుగు వెనక్కి పోతుంది, అంతకు మించి ఇందులో గుట్టేమీ లేదు. వచ్చిందో రాలేదో కూడా ‘వుడ్’ చెప్పదు, అన్నారని మాత్రమే చెప్తుంది. మీరు మీ ఊళ్లో జరిగిన దాన్నే తీసుకోండి. మాటిచ్చి తప్పిన వాళ్లు ఎక్కడైనా ఉంటారు. ‘వుడ్’ నేర్పడానికి వాళ్లకు మించిన సాయం లేదు.

రోజులు, చోట్లు మారడం కూడా ఇందులోనే వచ్చేస్తుంది. ‘టుమారో’ని ఎప్పుడూ ‘ది నెక్స్ట్ డే’ చెయ్యాలని నేర్పకండి. శుక్రవారం బోర్డు మీద ‘టుమారో ఈజ్ ఎ హాలిడే’ అని రాసి ఉంచండి. ఆరోజే పక్క క్లాసువాడికి చెప్పాలంటే ‘టుమారో’ అలాగే ఉండాలి. శనివారం ఇంట్లో చెప్తే అది ‘టుడే’. సోమవారం చెప్తేనే ‘ది నెక్స్ట్ డే’. క్యాలెండరు గోడకి తగిలించి వేలు పెట్టి చూపిస్తే పది నిమిషాల పని.

వెనక్కి జరపనవసరం లేనివి కూడా ఉన్నాయి. ‘వుడ్, కుడ్, షుడ్, మైట్’ మారవు. తప్పనిసరి అన్న అర్థంలో ‘మస్ట్’ అయితే ‘హ్యాడ్ టు’ చేయొచ్చు. మాటల్లో మామూలు పాస్ట్‌ని ‘హ్యాడ్’ పెట్టి వెనక్కి నెట్టకపోయినా చాలాసార్లు తప్పులేదు. ఎప్పటికీ నిజమైనవి, సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటివి మార్చక్కర్లేదని మీ పట్టికలోనే ఉంటుంది. కానీ చెప్పే రోజుకి కూడా నిజంగానే ఉన్న మామూలు విషయాన్నీ మార్చక్కర్లేదు. అది పట్టికలో ఉండదు, దానివల్ల నేను ఒక పిల్లకి అన్యాయం చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అర్ధ సంవత్సర పరీక్ష. ‘మై విలేజ్ ఈజ్ నియర్ ది సీ’ అన్నదాన్ని మార్చమంటే ఆ పిల్ల ‘షి సెడ్ దట్ హర్ విలేజ్ ఈజ్ నియర్ ది సీ’ అని రాసింది. ఎర్ర పెన్నుతో ‘ఈజ్’ మీద గీత గీసి అరమార్కు కోశాను. పేపరు పట్టుకొచ్చి ‘సార్, మా ఊరు ఇప్పుడు కూడా సముద్రం పక్కనే ఉంది కదా’ అంది. రూలంటే రూలే, వెళ్లి కూర్చోమన్నాను. ‘వజ్’ రాసినా సరైనదే, ‘ఈజ్’ రాసినా సరైనదే. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆ పిల్ల బడి దాటి వెళ్లిపోయింది. ఆ అరమార్కు ఇప్పటికీ బాకీయే.

అయితే పరీక్ష మాట వేరు, దీన్ని దాచకుండా పిల్లలకి చెప్పేయండి. పేపరు దిద్దేవాళ్ల చేతిలో కీ ఉంటుంది. రిపోర్టింగ్ వెర్బు పాస్ట్‌లో ఉంటే పరీక్షలో వెనక్కి జరపడమే క్షేమం, ‘టుమారో’ని ‘ది నెక్స్ట్ డే’ చేయడమే క్షేమం. మీ పట్టికను చివరి వారం బయటికి తీయండి. అప్పటికి పిల్లలకి అందులో ఉన్నవన్నీ తెలిసే ఉంటాయి కాబట్టి ఒకటి రెండు పీరియడ్లలో అయిపోతుంది. పరీక్షకి ఇలా, మాట్లాడేటప్పుడు ఇలా అని రెండు రంగుల్లో రాయిస్తాను నేను.

ఒక హెచ్చరిక. ఇదంతా పిల్లాడి ఇంటి భాష తెలుగు అయితేనే. నేను కొన్నాళ్లు సీతంపేట వైపు పనిచేశాను, అక్కడ సవర పిల్లలుంటారు. వాళ్లకి తెలుగే రెండో భాష. ‘రమ్మన్నాడు’ చూపించి ఇంగ్లీషు నేర్పబోతే నేను వాళ్లకి రెండు పరాయి భాషలు కలిపి పోసినట్టయింది. అప్పుడు మీ ఇంట్లో మీ మాటలో దీన్ని ఎలా అంటారో చెప్పండని అడిగి, పెద్ద పిల్లల చేత మిగతావాళ్లకి వివరింపజేశాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని మరీ ఆ పిల్లలకి చదువు చెప్పించారు. మనం అంత చేయలేకపోయినా, అడగడం వరకు చేయొచ్చు. మీ క్లాసులో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లున్నా ఇదే వర్తిస్తుంది.

చివరిగా, మాట్లాడేటప్పుడు తప్పు దొర్లితే ఏం చేయాలని అడిగారు. మధ్యలో ఆపి రూలు చెప్పకండి, నోరు మూతపడిపోతుంది. పిల్లాడు అన్నదాన్ని అన్నట్టే నమ్మేసి, దానికి తగ్గట్టు జవాబివ్వండి. పోయిన వారం ఒకడు ‘మై గ్రాండ్‌మదర్ సెడ్ దట్ ఐ యామ్ గెటింగ్ ఓల్డ్’ అన్నాడు. నేను లేచి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, తెల్లవెంట్రుకల కోసం వాడి తలంతా వెతకడం మొదలుపెట్టాను. రెండు క్షణాలు బిత్తరపోయి చూశాడు. తర్వాత నా చెయ్యి తోసేసి, ‘షి సార్, షి, షి!’ అని అరిచాడు.